సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువతకు ఏది మేలు: బరువులా, దమ్ము పెంచే వ్యాయామమా, ఈతా?

కదలికలనూ భంగిమనూ దెబ్బతీసే సెరిబ్రల్ పాల్సీకి కారణమైన మెదడు గాయం వయసుతో పెరగదు. అయితే ఆ గాయం నీడలో ఎదిగే కండరాలు, కీళ్లు, ఎముకలు మాత్రం మారుతూనే ఉంటాయి. కౌమారంలో ఎత్తూ బరువూ ఒక్కసారిగా పెరగడంతో, పదేళ్లప్పుడు సునాయాసంగా నడిచిన దూరమే పదిహేనేళ్లకు భారమవుతుంది. చాలామందికి ఫిజియోథెరపీ తగ్గిపోయేది కూడా సరిగ్గా ఆ వయసులోనే కావడం బాధాకరం. వారానికి రెండు మూడు రోజులే చేతిలో ఉన్నవారు దేనికి ముందు చోటివ్వాలన్నది అందుకే తూకం వేయవలసిన ప్రశ్న.

బరువులతో చేసే వ్యాయామం కండరాల బిగువును ఇంకా పెంచుతుందన్న భయం ఒకప్పుడు చికిత్సకులలోనే ఉండేది. తర్వాతి పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని తేల్చాయి. 2016లో వెలువడిన అంతర్జాతీయ సిఫార్సుల ప్రకారం వారానికి 2 నుంచి 4 రోజులు, మధ్యలో విరామం ఉండేలా, ఒక్కో కదలికను 6 నుంచి 15 సార్లు చొప్పున 1 నుంచి 3 విడతలు చేస్తూ, కనీసం 12 నుంచి 16 వారాలు కొనసాగించాలి. ఇలా చేస్తే బలం పెరుగుతుంది. కానీ పెరిగిన బలం నడకలో కనిపించకపోవచ్చన్న సంగతిని కుటుంబాలకు ముందే చెప్పాలి, లేకపోతే మూడు నెలల శ్రమ తర్వాత ఆ యువకుడు తనలోనే లోపముందని అనుకుంటాడు. నడకకు బలం ఒక్కటే చాలదు. ఏ కండరం ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదలాలో మెదడు నిర్ణయించాలి, పైగా పాదం నేలను నెట్టే పని క్షణంలో కొంత భాగంలోనే జరిగిపోవాలి. అందువల్ల కూర్చుని నెమ్మదిగా బరువు ఎత్తడం కంటే, కుర్చీలోంచి చురుగ్గా లేవడం, మెట్టు ఎక్కడం, బరువున్న బండిని వేగంగా తోయడం వంటి నిత్యజీవితానికి దగ్గరి కదలికలే నడకకు ఎక్కువ ఉపకరిస్తాయని నా అభిప్రాయం.

దమ్ము పెంచే వ్యాయామం విలువ తెలియాలంటే ఒక విషయం గమనించాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో చాలామందికి నడకకు తోటివారి కంటే రెండు మూడు రెట్లు శక్తి ఖర్చవుతుంది. అంటే ఒక తరగతి గది నుంచి మరో గదికి వెళ్లడమే వారికి వ్యాయామంతో సమానం. వారి అలసటను సోమరితనంగా చూడడం అన్యాయం. గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెరిగితే అదే నడక తక్కువ వంతు శక్తితో ముగిసి, చదువుకూ స్నేహాలకూ కొంత ఓపిక మిగులుతుంది. బొత్తిగా అలవాటు లేనివారు వారానికి ఒకటి రెండు సార్లతో మొదలుపెట్టి మూడుకు చేరాలి. ఒక్కోసారి కనీసం 20 నిమిషాలు, కనీసం 8 వారాలు చేయాలి. కదలని సైకిల్, మూడు చక్రాల సైకిల్, చేతులతో తిప్పే పెడళ్లు, వీల్‌చైర్‌ను వేగంగా నడపడం, శరీరానికి ఆసరా ఇచ్చే మూడు చక్రాల చట్రంతో పరుగెత్తే ఫ్రేమ్ రన్నింగ్, వీటిలో ఏదైనా సరిపోతుంది. మాట్లాడగలిగి పాడలేనంత ఆయాసమే సరైన కొలత అంటారు గానీ, మాట స్పష్టంగా రానివారికి ఆ కొలత పనికిరాదు. వారికి తమ శ్రమను అంకెలతోనో బొమ్మలతోనో చూపించే పద్ధతి నేర్పాలి. మానేస్తే ఈ సామర్థ్యం కొద్ది నెలల్లోనే తగ్గిపోతుందన్నదీ నిజం.

ఈత విషయానికి వస్తే, నీరు శరీర బరువును మోస్తుంది, గోరువెచ్చగా ఉంటే బిగువు సడలుతుంది, కీళ్ల నొప్పి ఉన్నవారికి అంతకంటే హాయి లేదు. ఎముకలపై భారం పడకపోవడం మాత్రం లోటే, ఎందుకంటే నిలబడడం తక్కువైన వారిలో ఎముకలు ముందే పలుచబడి ఉంటాయి. మూర్ఛలు వచ్చేవారి పక్కన నీటిలో ఒకరు తప్పక ఉండాలి.

కదలిక సామర్థ్యాన్ని ఐదు స్థాయులుగా విభజించే పద్ధతి 1997 నుంచి వాడుకలో ఉంది. సొంతంగానో, ఊతంతోనో నడవగలిగే మొదటి మూడు స్థాయుల వారికి, ముఖ్యంగా త్వరగా అలసిపోయేవారికి, ముందు దమ్ము పెంచే వ్యాయామం, దానికి తోడుగా వారంలో రెండు రోజులు పైన చెప్పిన చురుకైన బలం కదలికలు మేలని నేను తూకం వేస్తాను. ఎక్కువగా వీల్‌చైర్‌పై ఆధారపడే నాలుగు, ఐదు స్థాయుల వారికి మొదటి స్థానం నీటికీ, ఆసరాతో నిలబడడానికీ, చేతుల పెడళ్లకూ ఇవ్వాలి. ఎక్కువసేపు కూర్చోవలసి వస్తే అరగంటకో గంటకో ఒకసారి భంగిమ మార్చి శరీరాన్ని కాస్త కదిలించడం కూడా వారికి వ్యాయామమే. ఇతరులు వారి కాళ్లను పట్టుకుని సాగదీయడాన్ని మాత్రం వ్యాయామం కింద లెక్కవేయకూడదు, దానివల్ల గుండెకు గానీ బలానికి గానీ ఒరిగేది లేదు.

ఏది ఎంచుకున్నా మొదలుపెట్టే ముందు తుంటి కీళ్లను వైద్యుడికి చూపించాలి. నొప్పిని పంటి బిగువున భరించమని ఎవరూ చెప్పకూడదు. ఏ రెండు మార్గాలైనా దాదాపు సమానంగా తూగినప్పుడు నిర్ణయం పెద్దలది కాక, చెమటోడ్చే ఆ అమ్మాయిదో అబ్బాయిదో కావాలి, ఎందుకంటే 16 వారాలు కొనసాగేది వారికి ఇష్టమైనదే.