కారు మీద చెట్టు బంక వదిలించడానికి ఆటోనగర్ డీటెయిలింగ్ షాపు: నాలుగు స్టార్లు, ఎందుకంటే...

ముందే చెప్పేస్తున్నా, కార్లని పట్టి పట్టి శుభ్రం చేసి పాలిష్ పెట్టే ఈ డీటెయిలింగ్ షాపుకి నాలుగు స్టార్లు. అయిదోది ఎందుకు కోశానో కింద రాస్తాను. కానీ మీ కారు మీద కూడా బంక పడి, షాపుకి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఒక మాట: సగం పని ఇంట్లోనే అయిపోతుంది, మిగతా సగానికే వీళ్ళు కావాలి. ఏది ఏ సగమో తెలియాలంటే కారు మీద పడింది ఏమిటో ముందు చూసుకోవాలి. ఈ షాపు నాకు నచ్చింది కూడా అందుకే, మేస్త్రి రేటు చెప్పడానికి ముందు "ఏ చెట్టు కింద పెడతారండీ?" అని అడిగాడు.

మాది మొగల్రాజపురం. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకి ఒకటే పార్కింగ్, రెండో కారు రోడ్డు మీదే. విజయవాడ ఎండల్లో రోడ్డు మీద నీడ ఉన్న చోటుకి ఎంత పోటీ ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్ళ మామిడి కొమ్మలు గోడ దాటి బయటికి వచ్చాయి, వాటి కిందే మా నీలం బాలెనో. పూత మొదలైన దగ్గర్నుంచి బానెట్ మీద, ముందు అద్దం మీద సన్నటి చుక్కలు, తాకితే పాకంలా వేలికి అంటుకుంటాయి. ఇది చెట్టులోంచి కారింది కాదు. పూత మీద చేరే తేనెమంచు పురుగు రసం పీల్చి బయటికి వదిలే తీపి ద్రవం. నూజివీడు వైపు తోటలున్న ఏ రైతుని అడిగినా చెబుతాడు, అది పడిన ఆకుల మీదే తర్వాత నల్లటి మసి పడుతుంది. కారు మీదా అంతే, అలాగే వదిలేస్తే చుక్కలు నల్లబడతాయి, చూసినవాళ్ళు పెయింట్ పోయిందేమో అని టెన్షన్ పడతారు.

ఇదొక్కటే అయితే షాపుకి డబ్బు పెట్టడం దండగ. అందులో ఎక్కువ భాగం చక్కెరే, నీళ్ళకి కరుగుతుంది. కారు నీడలో పెట్టి, బానెట్ చల్లబడ్డాక, గోరువెచ్చటి నీళ్ళలో కారు షాంపూ కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ బాగా తడిపి ఆ చుక్కల మీద కాసేపు పరిచి ఉంచండి. నానిన తర్వాత తుడిస్తే వచ్చేస్తుంది. నానకముందే రుద్దితే మాత్రం దాని మీద పేరుకున్న దుమ్ము పెయింట్‌ని గీసేస్తుంది, నీలం, నలుపు రంగుల మీద ఆ గీతలు ఎండలో గుండ్రంగా మెరుస్తూ కనబడతాయి.

మా కారుకి తంటా వేరే వాటితో వచ్చింది. గాలికి విరిగిన మామిడి రెమ్మల్లోంచి కారిన సొన ఒకటి. కాయ తొడిమ దగ్గర చిమ్మే ఆ సొన చర్మం మీద పడితే పొక్కుతుందని మనందరికీ తెలుసు కదా, అందులో నూనె లాంటి పదార్థం ఉంటుంది, ఉత్త నీళ్ళకి లొంగదు. ఇంకోటి రావి చెట్టు పాలు. మా ఆవిడ ఆఫీసు బందరు కాలువ వైపు, అక్కడ కారు పెట్టే చోట పెద్ద రావి చెట్టు ఉంది, కరెంటు వాళ్ళు తీగలకి అడ్డమని కొమ్మలు నరికిన రోజు కారు దాని కిందే ఉంది. ఆ పాలు ఆరితే రబ్బరు పొరలా తయారై గోధుమ రంగుకి తిరుగుతుంది, సబ్బు నీళ్ళని అసలు లెక్కచేయదు.

ఆటోనగర్ వెళ్ళేముందు దారిలో ఒక వాటర్ వాష్ దగ్గర ఆపాం, పేరు ఎందుకులెండి. కుర్రాడు బంక చూసి చూడగానే సీసాలోంచి థిన్నర్ గుడ్డ మీద పోసుకుని వచ్చాడు. "ఒక్క నిమిషం సార్, అద్దంలా చేసేస్తా" అంటున్నాడు. ఆపించి కారు తీసుకుని వచ్చేశాం. థిన్నర్ అంటే పెయింట్‌ని కరిగించడానికే తయారు చేసింది, దానికి బంక ఏదో పెయింట్ ఏదో తెలియదు. నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ సంగతీ అదే, హెడ్‌లైట్ ప్లాస్టిక్ మీద పడితే తెల్లగా మసకబారుతుంది. గిన్నెలు తోమే పీచు పట్టుకొచ్చే వాచ్‌మన్‌లని కూడా దూరంగా ఉంచండి దయచేసి.

ఇక షాపు సంగతి. ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్ల మధ్యలో చిన్న షెడ్డు, బోర్డు కూడా సరిగా కనబడదు. కానీ పని నీడలో చేస్తారు, అది ముఖ్యం. మేస్త్రి కారు చుట్టూ తిరిగి, వెనక కుడి తలుపు దగ్గర ఆగి, "ఇది కంపెనీ పెయింట్ కాదు కదండీ, బయట వేయించారా?" అన్నాడు. నిజమే, అంతకుముందు అక్కడ ఆటో గీసుకుంటే మళ్ళీ వేయించాం. మందం కొలిచే మీటర్ పెట్టి చూపించాడు, మిగతా తలుపుల మీద 110 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టూ వస్తుంటే దాని మీద 200 దాటింది. కంపెనీలో పెయింట్ దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, బయట బూత్‌లో 60 డిగ్రీలు పెడితే ఎక్కువ, కొన్నిచోట్ల గాలికే ఆరబెడతారు, అందుకే బయట వేసిన పెయింట్ బంక తీయడానికి వాడే స్పిరిట్‌కి కొంచెం త్వరగా లొంగిపోయే అవకాశం ఉంది. ఆ తలుపు మీద కనబడని అంచున ముందు ఒక చుక్క స్పిరిట్ వేసి, గుడ్డకి రంగు దిగలేదని చూసుకున్నాకే మొదలుపెట్టాడు. ఇలా చూసుకునేవాళ్ళు నాకైతే ఇంతవరకు ఎదురుకాలేదు.

వాష్ అయ్యాక సొన చుక్కలకి ఆ స్పిరిటే, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడారు. ఇది సర్జికల్ షాపుల్లో దొరికేదే, అర లీటరు రెండు వందల చుట్టూ ఉంటుంది, ఇంట్లో మీరూ చేసుకోవచ్చు. గుడ్డ తడిపి చుక్క మీద అర నిమిషం పెట్టడం, ఎత్తడం, గుడ్డ మడత మార్చి మళ్ళీ పెట్టడం. రుద్దడం లేదు. మెత్తబడి గుడ్డకే వచ్చేసింది. శానిటైజర్‌తో కూడా పని జరుగుతుంది, కాకపోతే జెల్ రకంలో ఉండే జిగురు మళ్ళీ కడుక్కోవాలి. ఏది వాడినా చల్లటి రేకు మీదే, ఎండలో కాలిన బానెట్ మీద స్పిరిట్ పని చేసేలోపే ఆవిరైపోతుంది.

రావి పాలకి ఇది చాలలేదు. దానికి తారు మరకలు తీసే రిమూవర్ కొట్టి, కాసేపు ఆగి, ప్లాస్టిక్ ముక్క అంచుతో నెమ్మదిగా లేపితే పొర పొరగా ఊడింది. తర్వాత ఆ నూనె జిడ్డు పోయేలా మళ్ళీ షాంపూ. ఆ పైన క్లే బార్: మెత్తటి మట్టి ముద్దలా ఉంటుంది, లూబ్రికెంట్ బాగా కొట్టి పెయింట్ మీద జారిస్తే అంటుకుని మిగిలినవి అన్నీ లాక్కుంటుంది. మొదట గరగరమన్న చోట చివరికి చెయ్యి జారిపోయింది. క్లే కింద పడితే అది ఇక చెత్తబుట్టకే, ఇసుక అంటిన ముద్దతో మళ్ళీ రుద్దితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. కుర్రాడి చేతిలోంచి ఒక ముక్క జారితే మేస్త్రి అడగకుండానే పారేసి కొత్తది తీశాడు, ఒక స్టార్ దానికే ఇచ్చేయొచ్చు.

అంతా అయ్యాక బానెట్ మీద కొన్ని మచ్చలు మిగిలాయి. మేస్త్రి నా గోరుతోనే తాకించాడు, సన్నటి గుంట తగిలింది. అంటే బంక పోయింది గానీ అది కొరికిన గుర్తు క్లియర్ కోట్‌లో ఉండిపోయింది. రంగు మీద ఉండే ఆ పొర మామూలుగా 40, 50 మైక్రాన్లే, మన తల వెంట్రుక కంటే సన్నం. ఎండలో బంక గట్టిపడేకొద్దీ దాన్ని లాగి పట్టుకుంటుంది. అక్కడ మాత్రమే కాంపౌండ్‌తో (పై పొరని సన్నగా అరగదీసే పేస్టు) మిషను పాలిష్ పెట్టి, "పూర్తిగా పోవాలంటే పొర ఇంకా తగ్గించాలి, ఈ మాత్రం చాలు సార్" అని ఆపేశాడు. ఇప్పుడు వంగి చూస్తేనే కనబడతాయి. కారంతా పాలిష్ కొట్టి బిల్లు పెంచే అవకాశం ఉండి కూడా పెంచలేదు. బంక తీయడం, క్లే, వ్యాక్స్ కలిపి 1,500, మచ్చల పాలిష్ 600. క్లే చేస్తే పాత వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి వ్యాక్స్ వేయాల్సిందే, అది అదనపు ఖర్చు అనుకోకండి.

స్టార్ కోసింది రెండు విషయాలకి. బిల్లు దగ్గర కూర్చున్నాయన వదలకుండా "18,000 పెట్టి పెయింట్ మీద సిరామిక్ కోటింగ్ వేయించండి సార్, ఇక బంక అంటుకోదు" అని మొదలుపెట్టాడు. అంటుకుంటుంది. కోటింగ్ ఉంటే తీయడం తేలికవుతుంది, అంతవరకే, రోజుల తరబడి ఎండలో వదిలేస్తే దాని మీద కూడా మచ్చ పడొచ్చు. రెండోది, చివర్లో కడిగింది బోరు నీళ్ళతో, సైడు అద్దాల కింద, డోర్ హ్యాండిళ్ళ దగ్గర సరిగ్గా తుడవలేదు. పొద్దున ఎండలో చూస్తే తెల్లటి ఉప్పు మరకలు. నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తుడిచి కడిగేస్తే పోయాయి గానీ, అంత పని చేసి ఈ చిన్నదాని దగ్గర బద్ధకం ఏమిటో.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే లారీల మధ్య కారు లోపలికి పట్టడమే కష్టం. వెళ్ళేముందు ఫోన్ చేసి మేస్త్రి ఉన్నాడో లేదో కనుక్కోండి. ఆయన లేని రోజు కుర్రాళ్ళు వాష్, క్లే శుభ్రంగానే చేస్తారు, పాలిష్ మిషను మాత్రం వాళ్ళని పట్టుకోనివ్వకండి.