లెదర్ క్రాఫ్ట్ కిట్‌తో కటింగ్ ప్లయర్‌కి ఒర: ఏది పనికొస్తుంది, ఏది రాదు

ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో అమ్మే చవక లెదర్ క్రాఫ్ట్ కిట్లన్నీ లోపల దాదాపు ఒకటే. సంచి విప్పితే కుట్టు బెజ్జాలు వేసే నాలుగు పళ్లదీ రెండు పళ్లదీ ఉలులు, ఆరె, గాడి తీసే గ్రూవర్, అంచు చెక్కే బెవెలర్, అంచు రుద్ది నునుపు చేసే చెక్క స్లిక్కర్, మొద్దుమొన సూదులు, మైనం పట్టించిన దారం, ప్రెస్ బటన్లు ఉంటాయి. ప్రకటనల్లో చూపించేది పర్సులు, కీచైన్లు. వాటికి సరిపోతుంది కూడా. ఎలక్ట్రీషియన్ బెల్టుకి తగిలించుకునే ఒర వేరే పని. 3 మిల్లీమీటర్ల తోలు రెండు పొరలు, మధ్యలో అదే మందం పట్టీ, వెరసి 9 మిల్లీమీటర్లు. 8 అంగుళాల కటింగ్ ప్లయర్, పక్కన టెస్టర్ పట్టే ఒరని ఈ కిట్‌తో కుట్టొచ్చా? కుట్టొచ్చు, కాకపోతే కిట్‌లో సగం పక్కన పెట్టాలి.

ముందు తోలు. కొన్ని కిట్లలో ఉచితంగా వేసే ముక్కలు ఒరకి పనికిరావు. అవి క్రోమియం లవణాలతో పదును చేసిన పలచని క్రోమ్ తోలు, ఎంత తడిపి అచ్చు పోసినా ఆరాక మళ్లీ మెత్తగా జారిపోతాయి. కావలసింది చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం. మన పల్లెల్లో లందల్లో, అంటే తోలు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్క, కరక్కాయ వేసి చేసిన తోలు ఈ జాతిదే. కొనేటప్పుడు రెండు పరీక్షలు చాలు. కోసిన అంచు చూడండి: మధ్యలో నీలం బూడిద రంగు చార కనిపిస్తే క్రోమ్, లోపలిదాకా గోధుమ రంగే ఉంటే మనకి కావలసింది. రంగు, పాలిష్ పట్టని చోట నీటిచుక్క వేస్తే వెంటనే పీల్చుకుని నల్లబడాలి. పొట్ట భాగం తోలు చవగ్గా ఇస్తామంటారు, వద్దు, సాగుతుంది. వీపు, భుజం వైపు ముక్క అడగండి. అమ్మకం చదరపు అడుగుల లెక్కన. ఈ ఒరకి ఒకటిన్నర అడుగు సరిపోతుంది. చెన్నై పెరియమేట్‌లో టోకు తోలు దుకాణాలు వరసగా ఉంటాయి. అంతదూరం వెళ్లలేనివాళ్లు బెల్టులు చేసే చోట మిగిలిన ముక్కలు అడిగినా దొరుకుతాయి.

కొలతకి ప్లయర్‌ని అట్ట మీద తల కిందికి పెట్టి చుట్టూ గీయండి. తల మందం 12 మిల్లీమీటర్లు అనుకుంటే అందులో సగం 6, దానికి తోలు మందం 3 కలిపి, గీతకి 9 మిల్లీమీటర్లు బయటగా కుట్టు గీత వస్తుంది. మధ్య పట్టీ వేస్తే 2 మిల్లీమీటర్లు తగ్గించవచ్చు. కుట్టు గీతకి 8 మిల్లీమీటర్ల అవతల కోత. లోతు 11 సెంటీమీటర్లు ఉంటే తల, కీలు లోపలికి దిగి, పిడులు విచ్చుకునే చోట ఆగుతుంది. అడుగున 10 మిల్లీమీటర్ల సందు వదిలేయండి, లేకపోతే తెగిన తీగ ముక్కలు, సిమెంటు దుమ్ము లోపలే పేరుకుంటాయి. టెస్టర్ అరకి మాత్రం అడుగు మూసి రెండు పొరలు వేయాలి, దాని మొన నెమ్మదిగా తోలుని తొలుచుకుని బయటకి వస్తుంది.

ఇక కిట్‌లో అసలు పరీక్ష నాలుగు పళ్ల ఉలికే. పళ్ల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు, బెజ్జాలు సూటిగా పడతాయి, ఆ మేరకు మెచ్చుకోవాలి. తంటా ఏమిటంటే పళ్లు పైకి పోయేకొద్దీ లావు. 9 మిల్లీమీటర్లలో దింపితే సగంలో బిగుసుకుపోతాయి. అటూ ఇటూ ఊపి లాగితే పన్ను వంగుతుంది, వంగిన పన్నుని సరిచేయబోతే విరుగుతుంది. పళ్లకి మైనం రాసి, ఒక్కో పొరకి విడివిడిగా బెజ్జాలు వేసి, తర్వాత ఆరెతో మూడింటినీ కలపడమే దారి. డ్రిల్ ఉన్నవాళ్లు 1.5 మిల్లీమీటర్ల బిట్ వాడుకోవచ్చు, బెజ్జం గుండ్రంగా వస్తుంది కాబట్టి కుట్టు ఏటవాలుగా అందంగా పడదు, బలానికి లోటు లేదు. ఉలిని ఇనప సుత్తితో కొట్టకండి, తల చితికిపోతుంది. చెక్క సుత్తి విడిగా కొనుక్కోవాలి.

ఆరె పిడి బాగుంది, మొన మాత్రం సాన పట్టకుండానే వస్తుంది. మన చెప్పులు కుట్టేవాళ్ల ఆరె పక్కన పెడితే దీని పరువు పోతుంది. గ్రూవర్ స్క్రూ నాలుగు గీతలకే వదులవుతుంది, సరైన చోట మొదలైన గాడి చివరికి అంచుకి దూరంగా జరిగిపోతుంది. పట్టకారుతో బిగించి వాడితే నిలుస్తుంది. బెవెలర్‌ని 1000 నంబరు నీళ్ల కాగితం మీద రుద్దనిదే తోలుని కోయదు, చింపుతుంది.

దారం విషయంలో కొనేవాళ్లు మోసపోయేది రంగుల దగ్గర. పది రంగులు, ఒక్కో రంగు కొన్ని మీటర్లే, అదీ 0.8 మిల్లీమీటర్లది. ఈ పనికి 1 మిల్లీమీటరు పాలిస్టర్ దారం ఒక రీలు విడిగా తెచ్చుకోవాలి. కుట్టు పొడవుకి నాలుగు రెట్లు దారం చాలన్న లెక్క పర్సుకి నిజం, ఇక్కడ కాదు. రెండు సూదులూ ప్రతి బెజ్జంలోంచీ పోతాయి. బెజ్జానికి మందం 9 రెండుసార్లు, కుట్టు దూరం 4 రెండుసార్లు, కలిపి 26 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 11 సెంటీమీటర్ల కుట్టు అంటే దాదాపు 55 బెజ్జాలు, మీటరున్నర దారం. చివర్ల పట్టుకి 40 సెంటీమీటర్లు వేసుకుని 2 మీటర్లు తీసుకోండి. ఆ రెండు మీటర్లనీ రెండు పక్కలకీ చెరిసగం చేసుకోవాలి. ఈ రెండు సూదుల కుట్టులో ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది, మెషీన్ కుట్టులా వరసగా ఊడిపోదు. చివర మూడు కుట్లు వెనక్కి వేసి, దారం కొస లైటర్‌తో కరిగించాలి. మూతి దగ్గర మాత్రం కుట్టుని నమ్మకండి, ప్లయర్ లాగిన ప్రతిసారీ బరువు అక్కడే పడుతుంది, చెరో రివెట్ వేయాలి. కిట్‌లోని ప్రెస్ బటన్ల కాడ పొట్టి, ఈ మందానికి అందదు.

పని వరసలో ఎక్కువమంది తప్పేది ఒక్కచోట. బెల్టు దూరే పట్టీని వెనక ముక్కకి ముందే కుట్టాలి. ముందు ముక్క అతికించాక లోపలికి చెయ్యి పోదు. 40 మిల్లీమీటర్ల బెల్టుకి పట్టీ లోపలి ఖాళీ 45 ఉండాలి. అతికించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు గమ్ము రెండు వైపులా రాసి, వేలికి అంటనంత వరకు ఆరనిచ్చి నొక్కాలి. తడిగా ఉండగానే నొక్కితే బెజ్జం వేసేటప్పుడు పొరలు జారతాయి.

కుట్టాక అచ్చు. గోరువెచ్చని నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి తీసి, పైరంగు తిరిగి తేలబడే వరకు ఆగండి. ప్లయర్‌ని పాలిథిన్ కవర్లో బిగించి చుట్టి లోపలికి దింపాలి. ఇనుము తడి తోలుకి తగిలితే బెరడులోని టానిన్‌తో కలిసి నల్లటి మచ్చ పడుతుంది, అది పోదు. స్లిక్కర్ అంచుతో కీలు చుట్టూ నొక్కి, నీడలో ఒక రోజు ఆరనివ్వాలి. త్వరగా కావాలని ఎండలో పెడితే తోలు ముడుచుకుని పెళుసెక్కుతుంది. కిట్ మొత్తంలో ఏ లోపమూ లేనిది ఈ స్లిక్కరే. అంచు నునుపు చేయడానికి కిరాణా కొట్టులో వేసవిలో చలవకి కొనే గోంద్ కతీరా నానబెట్టిన జిగురు రాసి రుద్దితే గాజులా మెరుస్తుంది. కొబ్బరినూనె పట్టిస్తే మంచిదని చెప్పేవాళ్లున్నారు. పల్చగా ఒక్క పూత చాలు, ఎక్కువైతే తోలు మెత్తబడి, పోసిన అచ్చు వదిలేస్తుంది. వానాకాలం కోస్తాలో వాడేవాళ్లు నూనె కన్నా తేనెమైనం పూయడం మేలు, బూజు తక్కువ పడుతుంది. ఇంకోమాట, చెమటకి తడిసిన తోలు కరెంటుకి అడ్డు కాదు, అందులో రివెట్లు కూడా ఉన్నాయి. సరఫరా ఉన్న బోర్డు దగ్గర ఒరని రక్షణ అనుకోకండి.

ఒక్క ఒరకే అయితే కిట్ మొత్తం కొనడం దండగ. రెండు ఉలులు, సూదులు, స్లిక్కర్ విడిగా తీసుకుని, ఆరె ఊళ్లో కొని, మిగిలిన డబ్బు తోలు మీద పెట్టండి. టేపుకి, కత్తికి, స్క్రూడ్రైవర్లకి కూడా ఒరలు కుట్టే ఆలోచన ఉంటే కిట్ తీసుకోవచ్చు, మొదటిరోజే బెవెలర్‌నీ ఆరెనీ సాన పట్టి.