జాజ్ నేర్పడానికి 88 కీల డిజిటల్ పియానో: హనుమకొండలో ఏళ్ల తరబడి వాడాక

జాజ్ క్లాసుకు ఎంట్రీ లెవెల్ డిజిటల్ పియానో సరిపోతుందా అని హనుమకొండ, కరీంనగర్ వైపు నేర్పేవాళ్లు అడుగుతుంటారు. వెయిటెడ్ కీలు (అసలు పియానోలా బరువుగా నొక్కుకునేవి), రెండు హెడ్‌ఫోన్ జాక్‌లు ఉంటే సరిపోతుంది. ఎండాకాలం పొడివేడికీ వానాకాలం తేమకూ శ్రుతి తప్పే గొడవే లేదు. కాకపోతే ముందు కూర్చున్న పిల్లలు ఏ సంగీతం నుంచి వచ్చారో చూసి సెట్టింగులూ పాఠమూ రెండూ మార్చాలి.

టచ్ దగ్గర రాజీ వద్దు. స్వింగ్ (జాజ్‌కు ఊపునిచ్చే పొడుగు-పొట్టి స్వరాల నడక) లైన్‌లో కొన్ని స్వరాలు వినీవినపడనట్టు పలకాలి, ఆఫ్‌బీట్ స్వరాలకు కాస్త ఒత్తు పడాలి. పెళ్లి ఆర్కెస్ట్రాలో 61 కీల కీబోర్డ్ వాయించిన చేతికి ఈ కీలు బరువే. తేలికవుతుందని టచ్ 'సాఫ్ట్'లో పెడితే మెల్లగా నొక్కినా గట్టిగా పలుకుతుంది, ఆ తేడా అంతా పోతుంది. 'మీడియం'లోనే ఉంచి మధ్యమధ్యలో చేతులు దించమనండి.

చర్చిలో వాయించే పిల్లల చెవి బహు చురుకు, పాట ఎత్తుకోగానే కార్డ్ పట్టేస్తారు. కానీ చాలామంది సి మేజర్ షేపులే వాయించి మిగతాది శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్‌కు వదిలేస్తారు. జాజ్‌లో ఒకే పాటలో కీ (ఆధార శ్రుతి) మారుతూ పోతుంది, బటన్ నొక్కే తీరిక ఉండదు. వీళ్లకు షెల్ వాయిసింగ్‌తో మొదలుపెట్టాలి: ఎడమచేత్తో రూట్ (కార్డ్ మూలస్వరం), కుడిచేత్తో దాని నుంచి లెక్కిస్తే 3, 7వ స్వరాలు. డి మైనర్ 7లో ఎఫ్, సి పట్టుకోవాలి. జి 7కు వెళ్లేటప్పుడు ఎఫ్ కదలదు, సి ఒక్కటే బికి దిగుతుంది. సి మేజర్ 7కు బి నిలిచి ఎఫ్ ఇకి దిగుతుంది. ప్రతిసారీ ఒక్క వేలు, పక్క కీకే. ఇది చేతికి పట్టాక ఎఫ్, బి ఫ్లాట్ శ్రుతుల్లో వాయించమంటే బటన్ అలవాటు దానంతటదే పోతుంది. కుడిచేతి 3, 7 స్వరాలు రెండూ మిడిల్ సి చుట్టుపక్కలే ఉండాలి. ఆక్టేవ్ కిందికి దిగితే ఈ చిన్న స్పీకర్లలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మొద్దుగా వినిపిస్తాయి.

కర్ణాటక సంగీతం వచ్చిన అమ్మాయికి టూ-ఫైవ్-వన్ (పైన చెప్పిన డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7 వరస) మూడు కార్డులూ శంకరాభరణంలోవే అంటే చాలు, అర్థమైపోతుంది. చిక్కల్లా షడ్జం కదలదన్న అలవాటుతోనే. కార్డ్ మారినా చెవి 'స' దగ్గరే ఉంటుంది, దాంతో లైన్ వెళ్లి కార్డ్ స్వరం మీద వాలదు. గ్రహభేదంతో చెప్పండి: 'రి'ని ఆధారం చేసుకుంటే ఖరహరప్రియ, అదే జాజ్‌వాళ్ల డోరియన్ స్కేల్, 'ప'ని చేసుకుంటే హరికాంభోజి, అదే మిక్సోలిడియన్. ఆమె పాడేది 5 శ్రుతి అయితే ట్రాన్స్‌పోజ్ ముట్టుకోకుండా నేరుగా జిలోనే నేర్పండి: ఎ మైనర్ 7, డి 7, జి మేజర్ 7. ఈ పియానోకు స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ వీల్ లేదు, లేకపోవడమే మేలు. గమకం కోసం వెతికే చేతికి జి 7 మీద బి ఫ్లాట్ నుంచి బిలోకి జారే గ్రేస్ నోట్ (అసలు స్వరానికి ముందు తగిలించే చిటికె స్వరం) ఇవ్వండి.

వెస్టర్న్ సంగీతంలో గ్రేడ్ పరీక్షలు రాసినవాళ్లు స్వింగ్ జంట స్వరాలను డాటెడ్ నోట్లలా 3:1 నిడివితో వాయిస్తారు, నడక కుంటుతుంది. మధ్యలయలో అది దాదాపు 2:1. తిస్రంలో మొదటి రెండు మాత్రలు కలిపి, మూడోది విడిగా పలికించాలి. వేగం పెరిగేకొద్దీ రెండూ సమానమవుతాయి. తీన్మార్ డప్పు వింటూ పెరిగిన పిల్లలకు ఊపు ఒంట్లోనే ఉంటుంది, వాళ్లకు కార్డులు నేర్పితే చాలు.

మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టేది) బీట్ 0లో పెట్టి, మొదటి దెబ్బకు మోగే గంట తీసేయండి. వేగం నిమిషానికి 60లో ఉంచి ఆ దెబ్బలను 2, 4గా లెక్కపెడితే అసలు లయ 120. గంట మోగితే అందరూ దాన్నే 1 అనుకుని లయను తిరగేస్తారు.

లోపాలూ ఉన్నాయి. దీంతో వచ్చిన పెడల్ టైల్స్ మీద జారిపోతుంది, కింద రబ్బరు షీటు వేయాల్సిందే. ఎక్స్ స్టాండ్ ఊగుతుంది, గట్టి బల్ల నయం. కరెంటు పోయి వస్తే టచ్, మెట్రోనోమ్ మళ్లీ మొదటికొస్తాయి. చిన్న యూపీఎస్ పెట్టుకోండి. అన్నిటికంటే ఇబ్బంది ఆక్స్ ఇన్ (బయటి శబ్దాన్ని లోపలికి తెచ్చే జాక్) లేకపోవడం: ఫోన్‌లో పెట్టిన బ్యాకింగ్ ట్రాక్ హెడ్‌ఫోన్‌లో వినపడదు. కొత్తగా కొనేవాళ్లు ముందు అది చూసుకోండి, తర్వాత రికార్డర్. ఎడమచేతి కార్డులు రికార్డు చేసి, దాని మీద కుడిచేత్తో ఇంప్రొవైజ్ చేయించడానికి అది బాగా పనికొస్తుంది.