రిమోట్ డెస్క్‌టాపా, వీఎన్‌సీయా?

పక్క గదిలో ఉన్న కంప్యూటర్‌ని ఇక్కడి ల్యాప్‌టాప్ నుంచి నడపాలంటే ఏది పెట్టుకోవాలి, విండోస్‌తో పాటే వచ్చే రిమోట్ డెస్క్‌టాపా, లేక అవతలి స్క్రీన్‌ని ఇక్కడ చూపించి నడపనిచ్చే వీఎన్‌సీ సాఫ్ట్‌వేరా?

ఖర్చు: రిమోట్ డెస్క్‌టాప్‌కి అవతలి మెషిన్‌లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్‌తో కుదరదు. వీఎన్‌సీ సర్వర్లు (అవతలి మెషిన్‌లో పెట్టే ప్రోగ్రామ్‌లు) ఫ్రీగా దొరుకుతాయి, లినక్స్‌లో కూడా నడుస్తాయి.

స్పీడ్: మామూలుగా రిమోట్ డెస్క్‌టాపే.

అసలు తేడా స్క్రీన్ దగ్గరే అండీ, రిమోట్ డెస్క్‌టాప్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అవగానే అక్కడి మానిటర్ లాక్ అయిపోతుంది, అమ్మ ఏదో టైప్ చేస్తుంటే మధ్యలో ఆగిపోతుంది, వీఎన్‌సీలో అయితే ఇద్దరికీ ఒకటే స్క్రీన్, మనం మౌస్ కదిపితే అక్కడా కదులుతుంది, "ఇదిగో ఇక్కడ నొక్కమ్మా" అని చూపించొచ్చు.

రిస్క్: పాత పద్ధతి వీఎన్‌సీ పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్క. ఏది వాడినా రౌటర్‌లో 3389 (రిమోట్ డెస్క్‌టాప్‌ది), 5900 (వీఎన్‌సీది) పోర్టులు, అంటే కనెక్షన్లు వచ్చే దారులు, ఇంటర్నెట్ వైపు మాత్రం తెరవకండి, ప్లీజ్.

ఒక్కరే కూర్చుని పని చేసుకోడానికి రిమోట్ డెస్క్‌టాప్, ఇంట్లోవాళ్లకి నేర్పడానికి వీఎన్‌సీ.