37వ బిట్‌లో పోయిన మార్కు: ఒక పాలిటీ టెస్ట్ సిరీస్ రివ్యూ

పాలిటీకి (రాజ్యాంగం, పాలన సబ్జెక్టు) ఏ టెస్ట్ సిరీస్ తీసుకోవాలని హాస్టల్లో చెల్లెళ్లు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. నేను సూర్యాపేట నుంచి 2019లో పోటీ పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ వచ్చాను. ఈ గల్లీల్లో అమ్మే టెస్ట్ సిరీస్‌లు చాలానే రాశాను. ఈసారి తీసుకున్న సెంటర్ పేరు మాత్రం చెప్పను. కింద చెప్పబోయే తప్పు ఇంకో మూడు చోట్ల మెటీరియల్‌లో కూడా కనిపించింది. ఒక్కరినే బజారుకీడ్చడం న్యాయం కాదు.

ఫీజు 1,800 రూపాయలు. 20 టెస్టులు, ఒక్కోదాంట్లో 50 బిట్లు, ఆదివారం పొద్దున డిస్కషన్ క్లాస్. టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో హాలు. తొమ్మిది దాటితే కింద నుంచి మిర్చి బజ్జీ ఘాటు వచ్చి ముందు వరసంతా తుమ్ముతుంది. ఓఎంఆర్ షీట్ కాగితం పల్చన, కాస్త గట్టిగా దిద్దితే వెనక్కి దిగుతుంది. తెలుగు మీడియం వాళ్లకు అసలు బాధ అనువాదం. ఒక టెస్టులో ‘తాత్కాలిక సభాపతి’ అంటారు, ఇంకో టెస్టులో ‘ఆపద్ధర్మ సభాపతి’ అంటారు. ఇద్దరూ ఒకరేనా, వేరువేరా అని ఆలోచించేలోపు నిమిషం పోతుంది. నిజానికి ఇద్దరూ ఒకరే: కొత్త సభలో స్పీకర్‌ని ఎన్నుకునేదాకా సభ నడిపి, సభ్యుల చేత ప్రమాణాలు చేయించే సభ్యుడు. ప్రొటెం స్పీకర్ అని తెలుగు లిపిలోనే రాస్తే అందరికీ అర్థమవుతుంది కదా!

ఇక 37వ బిట్. అది 11వ టెస్టు, పార్లమెంట్ చాప్టర్. రెండు వాక్యాలిచ్చి సరైనవి గుర్తించమన్నారు. మొదటిది: లోక్‌సభలో అందరికన్నా సీనియర్ సభ్యుడినే ప్రొటెం స్పీకర్‌గా నియమించాలని రాజ్యాంగం చెబుతోంది. రెండోది: ప్రొటెం స్పీకర్ చేత రాష్ట్రపతి ప్రమాణం చేయిస్తారు. నేను ‘రెండోది మాత్రమే’ అని దిద్దాను. కీలో రెండూ సరైనవే అని ఉంది.

కౌంటర్‌లో కూర్చునే అబ్బాయి నా షీట్ చూసి, "మేడం, అందరూ రెండూ అనే పెట్టారు, మీరొక్కరే ఇట్లా పెట్టారు" అన్నాడు. అందరూ పెడితే రాజ్యాంగం మారుతుందా తమ్ముడూ అని అడిగాను. ఆబ్జెక్షన్ ఫారం కావాలంటే జిరాక్స్ తెచ్చుకోమన్నాడు. రెండు రూపాయలు. తెచ్చుకున్నాను.

ఇక్కడిదాకా అయితే ఈ సిరీస్‌కి రెండు స్టార్లకు మించి ఇచ్చేదాన్ని కాదు. ఆదివారం క్లాస్ దాన్ని కాపాడింది.

సార్ వచ్చీ రాగానే 37వ బిట్ కీ తప్పు, తాను చూడకుండానే ప్రింట్‌కి వెళ్లిందని ఒప్పుకున్నారు. తర్వాత ఆ ఒక్క బిట్ మీద నలభై నిమిషాలు మాట్లాడారు. ‘ప్రొటెం’ అనే మాట గానీ, ‘సీనియర్’ అనే మాట గానీ రాజ్యాంగంలో ఆ సందర్భంలో లేనే లేవు. పాత స్పీకర్ కొత్త సభ మొదటి సమావేశానికి ముందు క్షణం వరకు పదవిలో ఉంటారని 94వ అధికరణ చెబుతుంది. స్పీకర్, డిప్యూటీ స్పీకర్ రెండు పదవులూ ఖాళీగా ఉంటే రాష్ట్రపతి నియమించిన సభ్యుడు ఆ పని చూస్తారని 95 చెబుతుంది. సభ్యులు ఎవరి ముందు ప్రమాణం చేయాలో 99 చెబుతుంది. అంతే. సీనియర్‌ని పెట్టడం అలవాటుగా వచ్చిన పద్ధతి. దాన్ని రాసిపెట్టుకున్నది పార్లమెంటరీ వ్యవహారాల శాఖ హ్యాండ్‌బుక్. సభలో ఎన్నేళ్లు సభ్యులుగా ఉన్నారన్న లెక్కన అందరికన్నా సీనియర్లను సాధారణంగా ఎంచుకుంటారు, మినహాయింపులు ఉండవచ్చు అని అందులో ఉంది. శాఖ వాళ్లు జాబితా తయారుచేస్తారు, ప్రధాని ఆమోదిస్తారు, మంత్రి ఫోన్ చేసి ఆ సభ్యుడి అంగీకారం తీసుకుంటారు, ఆ తర్వాత ఫైలు రాష్ట్రపతికి వెళ్తుంది.

అప్పుడు బోర్డు మీద రెండు గీతలు గీసి, ప్రొటెం స్పీకర్ ఎవరన్న 2024 జూన్ నాటి గొడవ రాశారు. ఒకవైపు కేరళలోని మావేలిక్కర ఎంపీ కొడికున్నిల్ సురేశ్: 1989, 1991, 1996, 1999, 2009, 2014, 2019, 2024. ఎనిమిదిసార్లు, కానీ మధ్యలో 1998లో, 2004లో ఓడిపోయారు. ఇంకోవైపు కటక్ ఎంపీ భర్తృహరి మహతాబ్: 1998 నుంచి వరసగా ఏడుసార్లు. మొదటి ఆరు బీజేడీ నుంచి, ఏడోది బీజేపీ నుంచి. ఎనిమిదిసార్లు గెలిచిన మరొకరు, టీకంగఢ్ ఎంపీ వీరేంద్ర కుమార్, అప్పటికే కేంద్ర మంత్రి. ప్రభుత్వం మహతాబ్‌ని ఎంచుకుంది. ఆయన ఏడూ విరామం లేనివి, సురేశ్ ఎనిమిదీ అట్లా కావు అని మంత్రి కిరెన్ రిజిజు వివరణ ఇచ్చారు. విరామం లేకపోవడమే లెక్కయితే కర్ణాటక నుంచి ఏడుసార్లు వరసగా గెలిచిన మీ బీజేపీ రమేశ్ జిగజిణగి సంగతేంటి అని కాంగ్రెస్ అడిగింది. ప్రమాణం చేయించడంలో సాయపడేందుకు వేసిన ప్యానెల్‌లో సురేశ్ పేరు పెట్టినా ఆయనా, మిగతా ప్రతిపక్ష సభ్యులూ ఆ పని చేయలేదు. రెండు రోజుల తర్వాత అదే సురేశ్‌ని ఓం బిర్లా మీద స్పీకర్ పదవికి నిలబెట్టారు. మూజువాణి ఓటుతో బిర్లా గెలిచారు.

"ఎనిమిది ఏడుకన్నా పెద్దది సార్, ఇందులో డౌటేంటి" అని వెనక బెంచీ అబ్బాయి అరిచాడు. హాలంతా నవ్వింది. సార్ నవ్వలేదు. కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ పేరు రాశారు. 2014లో మోదీ ప్రభుత్వం వచ్చాక ప్రొటెం స్పీకర్ ఆయనే, తొమ్మిదిసార్ల ఎంపీ. ఆయన 1996 నుంచి 1998 వరకు లోక్‌సభలో లేరు. 1997 ఉపఎన్నికలో ఛింద్వాడాలో సుందర్‌లాల్ పట్వా చేతిలో ఓడారు కూడా. అదే సభలో 1989 నుంచి ఒక్కసారీ ఓడకుండా ఎనిమిదిసార్లు గెలిచిన సుమిత్రా మహాజన్ ఉన్నారు. ఆమె ఆ తర్వాత స్పీకర్ అయ్యారనుకోండి, అది వేరే సంగతి. ఆ ఏడాది విరామం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే, 2004లో ఆ బాధ్యత చూసిన సోమనాథ్ చటర్జీ 1984లో జాదవ్‌పూర్‌లో మమతా బెనర్జీ చేతిలో ఓడి, మరుసటి ఏడాది బోల్‌పూర్ నుంచి తిరిగొచ్చిన మనిషి. పదకొండుసార్లు గెలిచి రికార్డు పెట్టిన ఇంద్రజిత్ గుప్తా కూడా 1977లో ఓడారు. తొంభైల్లో కొత్త సభ వచ్చిందంటే ప్రమాణాలు చేయించడానికి ఆయన పేరే వినిపించేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టక ఇంకో లెక్క వేశాను. ఎన్నిసార్లు గెలిచారన్నది కాదు, ఎన్నేళ్లు కూర్చున్నారన్నది. అన్ని లోక్‌సభలూ ఐదేళ్లు నడవలేదు కదా. సురేశ్ మొదటి సభ 1991 మార్చిలో రద్దయింది, ఏడాదీ మూడు నెలలు. 1996 నాటిది 1997 డిసెంబర్‌లో పోయింది. మహతాబ్ మొదటిది, 12వ లోక్‌సభ, పదమూడు నెలలు. ఇవన్నీ కలిపి కూడితే 2024 జూన్ నాటికి సురేశ్‌వి సుమారు 27 ఏళ్లు, మహతాబ్‌వి సుమారు 25న్నర. హ్యాండ్‌బుక్‌లో ‘ఏళ్లు’ అనే రాసుకున్నారు కాబట్టి ఆ లెక్కలో కూడా సురేశే ముందున్నారు. అయినా అదే వాక్యం చివర ‘మినహాయింపులు ఉండవచ్చు’ అని ఉంది. ఆ మాటకు ఎంత బలముందో నాకు ఆ రాత్రి అర్థమైంది. 2019లో మేనకా గాంధీ ఎనిమిదిసార్ల ఎంపీ, 1991లో ఓడిన విరామం ఉంది. నియమించింది మాత్రం 1996 నుంచి వరసగా ఏడుసార్లు గెలిచిన వీరేంద్ర కుమార్‌ని. అంటే 2024 లెక్క కొత్తదేం కాదేమో అనిపించింది. ఇది నా ఊహ, పరీక్షలో రాయకండి.

సార్ మనవాళ్ల ఉదాహరణలు కూడా తెస్తారు, ఈ సిరీస్‌లో నాకు బాగా నచ్చింది అదే. అసదుద్దీన్ ఒవైసీ 2004 నుంచి వరసగా ఐదుసార్లు. ఒంగోలు మాగుంట శ్రీనివాసులు రెడ్డి కూడా ఐదుసార్లే, కానీ 1998, 2004, 2009, తర్వాత ఓటమి, మళ్లీ 2019, 2024. ఇద్దరిలో సీనియర్ ఎవరు? హాలు రెండుగా చీలింది. 2023 డిసెంబర్‌లో మన తెలంగాణ అసెంబ్లీకి అక్బరుద్దీన్ ఒవైసీని ప్రొటెం స్పీకర్‌గా పెడితే ఆయన ముందు ప్రమాణం చేయమని బీజేపీ ఎమ్మెల్యేలు ఎనిమిది మందీ బయటే ఉండిపోయిన సంగతి అందరికీ గుర్తే. వాళ్లు చూపించిన కారణం కూడా సీనియారిటీయే. ఎన్.జి.రంగా గారి కెరీర్ రాయడానికైతే బోర్డు చాల్లేదు: 1930లో కేంద్ర శాసనసభ, తర్వాత తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, మధ్యలో ఓటమి, రాజ్యసభ, చివరికి 80కి దగ్గరపడ్డాక గుంటూరు. రాజ్యసభలో గడిపిన ఏళ్లు లోక్‌సభ సీనియారిటీలో కలుస్తాయా అని ఒకమ్మాయి అడిగింది. హ్యాండ్‌బుక్‌లో ‘ఆ సభలో’ అని ఉంది కాబట్టి కలవవు, పెన్షన్‌కి మాత్రం రెండు సభలూ కలుస్తాయి అన్నారు సార్. ఐదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ నెలకు 2,500 అదనం, అక్కడ విరామం గొడవే లేదు. బ్యాలెట్‌లో ఓడించినా పెన్షన్‌లో కలుపుతారన్నమాట. ఆ ముక్క విని మా వరసంతా నిట్టూర్చింది.

ఈ గొడవ హాస్టల్‌కి కూడా వచ్చింది. మా రూంలో కిటికీ పక్క మంచం సీనియర్‌ది, అది హాస్టల్ ఆంటీ పెట్టిన రూలు. కరీంనగర్ అక్క 2016లో వచ్చింది, పెళ్లయ్యాక రెండున్నరేళ్లు ఊళ్లో ఉండి 2022లో తిరిగొచ్చింది. నేను 2019 నుంచి విరామం లేకుండా ఉన్నాను. క్లాస్ నుంచి రాగానే మహతాబ్ లెక్క చెప్పి మంచం అడిగాను. "మరి కరోనాకి సూర్యాపేట పోయి ఎనిమిది నెలలు ఉన్నావు కదనే, అది విరామం కాదా?" అంది అక్క. అప్పుడు హాస్టలే మూశారు అక్కా, సభ రద్దయితే అందరూ ఇంటికే పోతారు, దాన్ని ఓటమి అనరు అన్నాను. ఆంటీ పప్పు గరిటె పట్టుకుని వచ్చి, అద్దె ముందు కట్టిన వాళ్లదే మంచం అని తేల్చేసింది. రాష్ట్రపతి పాత్ర ఆంటీది అనుకోండి.

లోపాలు కూడా చెప్పాలి. సభలో సీట్లు ఎట్లా ఇస్తారు, క్వార్టర్లు సీనియారిటీని బట్టి ఎట్లా మారతాయి అన్నవి సార్ రెండు నిమిషాల్లో దాటేశారు. 2025 ఆగస్టులో ఢిల్లీలో ఎంపీల కోసం ప్రారంభించిన 184 ఫ్లాట్లలో రెండు టవర్లకు కృష్ణ, గోదావరి అని పేర్లు పెట్టారన్న ముక్క మాత్రం వదల్లేదు, అది బిట్‌గా వస్తుందట. కరెక్ట్ చేసిన కీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు గానీ ర్యాంకులు అప్పటికే వేసేశామని నా మార్కు కలపలేదు. కౌంటర్‌లో అబ్బాయి ఇప్పటికీ నన్ను చూస్తే 37 అంటాడు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. టెస్టు పేపర్లు లేకుండా ఆదివారం క్లాస్ ఒక్కటే 700కి ఇస్తారు, ఆ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడగాలి. డబ్బు తక్కువుంటే అది తీసుకోండి. పేపర్లు కావాలంటే నావి ఉన్నాయి, కిటికీకి అవతలి మూలన ఉన్న మంచం కింద అట్టపెట్టెలో.