పన్నెండేళ్లు, రెండు కార్లు, అయిదు తాళం చెవులు

మొదటి కారును పాతదిగా కొన్నాను. దానితో వచ్చింది ఒకే ఒక తాళం చెవి. రెండోది ఎప్పుడో పోయిందని అమ్మినవారు చెప్పారు. బండి బాగుంది, ఇంజను బాగుంది, తాళం చెవిదేముంది, ఎక్కడైనా చేయించుకోవచ్చు అనుకున్నాను. ఆ కారును ఏడేళ్లు నడిపాను. ఇప్పుడున్న కారు వచ్చి అయిదేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో మొత్తం అయిదు తాళం చెవులు వాడాను: కారుతో వచ్చిన రిమోట్ తాళం చెవి, ఉత్త లోహపుది ఒకటి, కొత్తగా ప్రోగ్రామింగ్ చేయించినది ఒకటి, ఇప్పటి కారుకు స్మార్ట్ తాళం చెవులు రెండు. వీటిలో ఏది ఎంతకాలం నిలిచింది, ఏది ఎప్పుడు మొండికేసింది, ఎందుకు అన్నది రాస్తున్నాను.

ముందుగా ఆ లోహపు తాళం చెవి సంగతి. తాళాలు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉన్నదానికి నకలు కావాలన్నాను. ఆయన నా తాళం చెవిని తిప్పి చూసి, "చేస్తానండీ. కానీ ఇది తలుపు తెరుస్తుంది, బండిని కదపదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. కోసి ఇచ్చారు. తలుపు తెరుచుకుంది, ఇగ్నిషన్‌లో సాఫీగా తిరిగింది, ఇంజను రెండు క్షణాలు నడిచి ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద తాళం చెవి గుర్తు ఎర్రగా మెరుస్తూ ఉంది. ఆ లైటు ఎందుకున్నదో నేను తెలుసుకున్నది ఆ రోజే.

చేతికి ఒకటిగా కనిపించే ఆ తాళం చెవిలో ఒకదానితో ఒకటి పొత్తు లేని మూడు పనిముట్లు ఉన్నాయి. లోహపు పలక తలుపునూ ఇగ్నిషన్‌నూ తిప్పుతుంది. రిమోట్ దూరం నుంచి తలుపుల తాళాలు తీస్తుంది, వేస్తుంది. మూడోది ట్రాన్స్‌పాండర్ చిప్పు, అంటే కారు అడిగితే తన గుర్తింపు చెప్పే బుల్లి ముక్క. ఇంజను నడవడానికి అనుమతి ఇచ్చేది అదొక్కటే. రిమోట్ చచ్చిపోయినా చిప్పు పనిచేస్తుంది, చిప్పు లేకపోయినా రిమోట్ పనిచేస్తుంది. నేను పడిన ఇబ్బందుల్లో సగం, ఏది పాడైందో తెలియక వేరేదాన్ని బాగుచేయబోవడం వల్ల వచ్చినవే.

ఈ మూడింటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగింది చిప్పు మీద. నా పాత తాళం చెవిలో అది బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన గాజు గొట్టం. కొన్నింటిలో నల్లటి చిన్న ముక్కలా ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. తాళం చెవి తిప్పగానే అది సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. చిప్పులోని బుల్లి తీగచుట్ట ఆ క్షేత్రం నుంచే కరెంటు తీసుకుని మేలుకుని జవాబిస్తుంది. ఆఫీసు గుమ్మం దగ్గర చూపించే కార్డు పనిచేసే తీరే ఇదీ. తొలితరం చిప్పులు ఎప్పుడూ ఒకే సంఖ్య చెప్పేవి. తర్వాతి తరంలో కారు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను పంపుతుంది, చిప్పు తనలోని రహస్య సంఖ్యతో లెక్క కట్టి ఫలితాన్ని తిరిగి పంపుతుంది. జవాబు సరిపోతేనే ఇమ్మొబిలైజర్, అంటే ఇంజనును నడవనివ్వకుండా పట్టి ఉంచే కారులోని ఏర్పాటు, ఇంధనానికీ స్పార్కుకూ దారి వదులుతుంది. ఇంత తతంగమూ మనం తాళం చెవి తిప్పే లోపలే అయిపోతుంది.

దీనికి ముందు ఒక దశ ఉంది. 1986 మోడల్ కార్వెట్ కారులో జనరల్ మోటార్స్ తాళం చెవి పలకలో చిన్న రెసిస్టర్ (కరెంటును కొంతమేర అడ్డుకునే) బిళ్ల పెట్టింది. ఆ బిళ్లలు 15 విలువల్లో మాత్రమే ఉండేవి. ఓపికున్న దొంగ పదిహేనూ ప్రయత్నించగలడు. ఆ లోటును చిప్పు పూడ్చింది. ఐరోపాలో 1998 అక్టోబరు నుంచి, కెనడాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. అయితే చిప్పులన్నీ సమానం కావు. 40 బిట్ల రహస్య సంఖ్యతో పనిచేసే ఒక రకాన్ని 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛేదించి చూపించారు. అయినా ఏడేళ్ల వాడకంలో నా చిప్పు ఒక్కసారి కూడా సొంతంగా విఫలం కాలేదు. అది దారి తప్పింది ఒక్కసారే, ఆ తప్పు నాది.

నాలుగో ఏట రిమోట్ బటన్ల మీది రబ్బరు చిరిగింది, డొప్ప నెర్రెలిచ్చింది. కొత్త డొప్ప తెప్పించి ఇంట్లోనే మార్చాను. సర్క్యూట్ పలకను తీసి జాగ్రత్తగా కొత్తదాంట్లో అమర్చాను, బ్యాటరీ వేశాను. తలుపులు చక్కగా తెరుచుకున్నాయి. ఇంజను మాత్రం ఆ లోహపు తాళం చెవితో ఆగినట్టే రెండు క్షణాల్లో ఆగిపోయింది. బ్యాటరీ సరిగా తగల్లేదనుకుని గంటసేపు దాన్నే తిప్పలు పెట్టాను. తాళాల పెద్దాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. చెత్తబుట్టలోంచి పాత డొప్ప తీసి చూస్తే, లోహపు పలక మొదట్లో ఒక చిన్న గూట్లో చిప్పు అలాగే ఉంది. సర్క్యూట్ పలకతో దానికి తీగ సంబంధమే లేదు. ఆ చెత్త అప్పటికే బయటికి పోయి ఉంటే పనిచేసే తాళం చెవి ఒక్కటి కూడా లేని బండి ఇంటిముందు నిలబడి ఉండేది. డొప్ప మార్చేవారు ఎవరైనా సరే, పాతదాన్ని కొత్తదానితో ఇంజను నడిపి చూసేదాకా పారేయవద్దు. కొన్ని మోడళ్లలో చిప్పు సర్క్యూట్ పలక మీదే ఉంటుంది, అప్పుడు ఈ గొడవ లేదు.

మర్నాడే మారు తాళం చెవి పనిలో పడ్డాను. ఇక్కడ రెండు దారులున్నాయని తెలిసింది. ఒకటి క్లోనింగ్. ఉన్న చిప్పులోని సమాచారాన్ని ఖాళీ చిప్పులోకి ఎక్కిస్తారు. కారుకు రెండూ ఒకటే మనిషి. పని త్వరగా అవుతుంది, కారును ముట్టుకోనక్కరలేదు. అన్ని రకాల చిప్పులకూ ఇది కుదరదు. రెండోది ప్రోగ్రామింగ్. కొత్త చిప్పు గుర్తింపును కారు తన జాబితాలో చేర్చుకుంటుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్‌తో మాట్లాడే చోటు) పరికరం తగిలించి ఆ పని చేస్తారు. చాలా కార్లకు పిన్ లాంటి రహస్య కోడ్ కూడా కావాలి.

నేను ప్రోగ్రామింగ్ ఎంచుకున్నాను. కారణం ఒక్కటే: పోయిన ఆ పాత తాళం చెవి. అది ఎవరి దగ్గరుందో తెలియదు, దానితో నా కారు ఇప్పటికీ నడుస్తుంది. నాలుగేళ్లు ఆ ఆలోచనే రాకపోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ప్రోగ్రామింగ్‌లో జాబితా మొత్తం చెరిపి, ఎదురుగా ఉన్న తాళం చెవులను మాత్రమే మళ్లీ ఎక్కించవచ్చు. పోయినది తలుపు తెరవగలదు, ఇంజనును కదపలేదు. క్లోనింగ్‌లో ఈ వీలు లేదు: రెండింటికీ ఒకే గుర్తింపు కాబట్టి ఒకదాన్ని కొట్టివేస్తే రెండోదీ పోతుంది. పాత కారు కొనేవారు మొదటి వారంలోనే ఈ పని చేయించాలని గట్టిగా చెబుతాను. ఇంట్లో ఉన్న తాళం చెవులన్నీ వెంట తీసుకెళ్లాలి, మరిచిపోయినది జాబితాలోంచి జారిపోతుంది.

ఆ పని ఒక్కరోజులో కాలేదు. నేను సొంతంగా తెప్పించిన రిమోట్ చూడటానికి అచ్చం పాతదానిలాగే ఉంది. కానీ అది 315 మెగాహెర్ట్జ్‌ది, నా కారు వినేది 433.92 మెగాహెర్ట్జ్ మీద. ఉత్తర అమెరికా, జపాన్ కార్లలో మొదటిది ఎక్కువ, ఐరోపాలో రెండోది. డొప్ప వెనుక ముద్రించిన సంఖ్యలను పోల్చకుండా కొనడం వృథా. ఒక మిత్రుడు వాడేసిన రిమోట్ తీసుకోబోయి మరో రకంగా నష్టపోయాడు. చాలా చిప్పులు ఒక కారుకు కట్టుబడ్డాక తలుపు మూసుకుంటాయి, ఇంకో కారుకు ఒప్పుకోవు. రెండోరోజు సరైన రిమోట్‌తో వెళితే పరికరం పదేపదే విఫలమైంది. తాళాల గుత్తిలో రెండు చిప్పులు పక్కపక్కన వేలాడుతున్నాయని పనివాడు గమనించి వేరుచేశాడు. కారు బ్యాటరీ కూడా నీరసంగా ఉందని బయటి నుంచి కరెంటు ఇచ్చి మొదలుపెట్టాడు. మధ్యలో వోల్టేజి పడిపోతే ఇమ్మొబిలైజర్ మాడ్యూలే పాడయ్యే ప్రమాదం ఉందట. ఇలాంటి జాగ్రత్త చెప్పకుండానే తీసుకునే మనిషి దొరకడం పరికరం కన్నా ముఖ్యం.

పలకను ఎలా కోశారన్నదీ చూసుకోవాలి. అరిగిన తాళం చెవిని చూసి కోస్తే అరుగుదలకు కూడా నకలు వస్తుంది. నా లోహపు తాళం చెవి కొన్నాళ్లకు ఇగ్నిషన్‌లో పట్టేయడానికి కారణం అదే. కొత్తదాన్ని అధీకృత సర్వీస్ కేంద్రంలో యాజమాన్య పత్రాలు చూపించి, ఛాసిస్ సంఖ్య ద్వారా తెప్పించిన కోడ్ ప్రకారం కోయించాను. చివరిరోజు వరకూ వెన్నలా తిరిగింది. పలక గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

రిమోట్ సంగతికొస్తే, మూడింటిలో బలహీనమైనది అదే. సీఆర్ 2032 బ్యాటరీ నాకు రెండేళ్లకు తక్కువ కాకుండా వచ్చింది. చావుకు ముందు అది చెప్పే చెప్తుంది: దూరం తగ్గుతూ వస్తుంది, చివరికి తలుపు పక్కన నిలబడి నొక్కాల్సి వస్తుంది. ఈ సంఖ్యలో మొదటి 20 బ్యాటరీ వ్యాసం మిల్లీమీటర్లలో, చివరి 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. అందుకే సీఆర్ 2025 దూరినట్టే ఉన్నా వదులుగా కూర్చుంటుంది. ఒకసారి ఇంట్లో చిన్నపిల్ల ఆటగా రిమోట్‌ను ఎన్ని వందలసార్లు నొక్కిందో, మర్నాడు తలుపులు పలకలేదు. రిమోట్ నొక్కినప్పుడల్లా కోడ్ మారుతుంది. కారు రాబోయే కొన్ని కోడ్‌లను మాత్రమే అంగీకరిస్తుంది. దూరంలో ఎక్కువసార్లు నొక్కితే రిమోట్ కారును దాటి ముందుకెళ్లిపోతుంది. పలకతో తలుపు తీస్తే ఇంజను మామూలుగానే నడిచింది. కారు పుస్తకంలో చెప్పిన వరుసలో రెండు నిమిషాల్లో మళ్లీ జత కుదిర్చాను. మూడూ వేరువేరని తెలియకపోతే ఆ రోజు బండిని మోయించుకుని వెళ్లేవాడిని.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. తాళం చెవిలోని ఆ గుండ్రటి లిథియం బ్యాటరీని పసివాళ్లు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుస్తుంది. పగిలిన డొప్పను టేపుతో చుట్టి వాడకండి. తీసిన పాత బ్యాటరీకి కూడా ఆ శక్తి ఉంటుంది. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పటి కారుది స్మార్ట్ తాళం చెవి. జేబులోనే ఉంటుంది, తలుపు పిడి తాకితే తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే ఇంజను నడుస్తుంది. రెండు చేతుల్లో సామాను ఉన్నప్పుడు ఈ సుఖానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. అయితే ఇక్కడ కారు తక్కువ పౌనఃపున్యం మీద పిలుస్తుంది, తాళం చెవి ఎక్కువ పౌనఃపున్యం మీద పలుకుతుంది. పలకడానికి బ్యాటరీ కావాలి. మొదటి ఏడాదే అది అయిపోయింది. కారు నిలిపే గోడకు ఇవతలి వైపే తాళం చెవిని తగిలించేవాడిని, దగ్గరగా ఉన్నందున రాత్రంతా కారు పిలుపుకు అది మేలుకుంటూనే ఉందని తర్వాత తెలిసింది. లోపలి గదికి మార్చాక రెండేళ్లు వస్తోంది. బ్యాటరీ పూర్తిగా పోయిన రోజు కూడా దిక్కులేనివాళ్లం కాదు: డొప్ప లోపల చిన్న లోహపు పలక దాగి ఉంటుంది, దానితో తలుపు తీయవచ్చు. తర్వాత తాళం చెవిని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే నా కారు నడిచింది. అందులోనూ ఆ పాత బ్యాటరీలేని చిప్పు పద్ధతే ఉంది! కొన్ని కార్లలో దీనికి వేరే గూడు ఉంటుంది. ఎక్కడుందో పగటిపూట, తీరికగా ఉన్నప్పుడే చూసిపెట్టుకోవాలి.

నన్ను ఇబ్బంది పెట్టేది దీని భద్రత. ఇద్దరు దొంగలు, ఒకరు ఇంటి తలుపు దగ్గర, ఒకరు కారు దగ్గర నిలబడి, కారు పిలుపునూ తాళం చెవి జవాబునూ పరికరాలతో చేరవేస్తే చాలు, తాళం చెవి పక్కనే ఉందని కారు నమ్ముతుంది. ఏ రహస్య సంఖ్యనూ ఛేదించనక్కరలేదు. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లోనే పది మోడళ్ల మీద దీన్ని చేసి చూపించారు. కారు పిలుపు వాటికి చేరకుండా నేను రెండు తాళం చెవులనూ మూత బిగువుగా పట్టే లోహపు డబ్బాలో పెడుతున్నాను. ఒకదాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాతో సహా కారు దగ్గరికి వెళ్లి తలుపు పిడి తాకి చూశాను. మొదట కొన్న డబ్బా ఈ పరీక్షలో ఓడిపోయింది, తలుపు తెరుచుకుంది. కొత్త కార్లలో కొన్నింటి తాళం చెవులు కాసేపు కదలకుండా ఉంటే నిద్రపోతాయి. తర్వాతి కారుకు ఆ ఏర్పాటు లేకపోతే కొనను.

మారు తాళం చెవి ఎప్పుడు చేయించాలన్నదానికి నా దగ్గర తడబాటు లేదు. పనిచేసేవి రెండు ఉన్నప్పుడు కొన్ని కార్లలో మూడోదాన్ని యజమానే ఏ పరికరమూ లేకుండా చేర్చుకోవచ్చు. ఒకటే ఉంటే పరికరం కావాలి. ఒక్కటీ లేకపోతే బండిని మోయించాలి, కోడ్ తెప్పించాలి, కొన్నింట్లో మాడ్యూల్‌నే ఊడదీసి చదవాలి. ఒక్కో మెట్టుకూ ఖర్చూ శ్రమా పెరుగుతాయి. ఇప్పటి కారు కొన్నరోజే రెండు తాళం చెవులూ నడిపి చూశాను, తాళం చెవి కోడ్ ముద్రించిన బిళ్లను వాటి గుత్తి నుంచి వేరుచేసి పత్రాలతో దాచాను.

పాత కారు అమ్మినప్పుడు మూడు తాళం చెవులూ కొన్నవారి చేతిలో పెట్టాను. లోహపుదాన్ని చూసి ఇదెందుకని అడిగారు. తాళం చెవి లోపల మరిచి తలుపు పడినప్పుడు పనికొస్తుంది, బండిని మాత్రం కదపదు అని చెప్పాను. జాబితాను మళ్లీ చెరిపించి చిప్పున్న రెండింటినీ ఎక్కించుకోమని కూడా చెప్పాను. ఆ వారంలోనే చేయించామని ఫోను చేశారు.