ఐసింగా 2 హోస్ట్‌గ్రూపులు: నాలుగేళ్లు వాడాక

సర్వర్లు సరిగ్గా నడుస్తున్నాయో లేదో కనిపెట్టి చూసే ఐసింగాలో నాకు అన్నిటికంటే నచ్చింది ‘అసైన్ వేర్’, అంటే ఏ సర్వర్ ఏ హోస్ట్‌గ్రూపులో (సర్వర్ల గుంపులో) పడాలో చెప్పే లైను. అంతకుముందు వాడిన ఇలాంటిదే నాగియోస్‌లో కొత్త సర్వర్ వచ్చిన ప్రతిసారీ గ్రూపు మెంబర్ల వరసలో దాని పేరు చేత్తో చేర్చేవాళ్లం. మరిచిపోతే ఇక దాన్ని పట్టించుకునేవాళ్లే ఉండరు. ఇక్కడ పేర్లకు బదులు షరతు రాస్తాం: ఓఎస్ లైనక్స్ అయితే ఈ గ్రూపు, డేటాబేస్ అయితే ఆ గ్రూపు. టెస్ట్ సర్వర్లు వద్దనుకుంటే ‘ఇగ్నోర్ వేర్’ అని ఇంకో లైను. డిస్క్ నిండిందా, సర్వర్ మీద పని భారం (లోడ్) ఎంత అని చూసే చెక్‌లకూ ఇదే పద్ధతి. మొదటి వారంలోనే మా 140 సర్వర్లనూ పది పన్నెండు షరతులతో సర్దేశాను. ఆ రోజు ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ గుర్తే.

రెండో ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేశారు, బిల్లులు సేవ్ కావట్లేదని. డాష్‌బోర్డ్ తెరిస్తే అంతా పచ్చగా ఉంది. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే డిస్క్ పూర్తిగా నిండిపోయింది. 20 శాతం ఖాళీ ఉండగానే రావాల్సిన హెచ్చరిక రానేలేదు. పాత లాగ్‌లు తీసేసి, బిల్లులు మళ్లీ నడిచి, టెన్షన్ తగ్గాక కారణం వెతకడం మొదలుపెట్టాను. గంట పట్టింది. మిగతా లైనక్స్ సర్వర్లకు లైనక్స్ అని క్యాపిటల్ ఎల్‌తో రాసిన మేము దీనికి మాత్రం చిన్న ఎల్ రాశాం. రెండూ సమానమా అని పోల్చేటప్పుడు ఐసింగా లెక్కలో అవి వేరు వేరు. అందుకే ఆ సర్వర్ ఏ గ్రూపులోకీ రాలేదు, దానికి డిస్క్ చెక్కూ పడలేదు. ఉన్నది పింగ్ ఒక్కటే, అంటే సర్వర్ పలుకుతోందా అని చూసే చెక్. దానికి జవాబు వస్తోంది కాబట్టి పచ్చగానే కనిపించింది.

ఒక రూలు, అంటే షరతు, అసలు ఏ హోస్ట్‌కూ (సర్వర్‌కూ) తగలకపోతే కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైళ్ల) పరీక్షలో హెచ్చరిక వస్తుంది. మా రూలు చాలావాటికి తగులుతోంది కదా, ఇది జారిపోయిన సంగతి బయటపడలేదు.

ఆ రాత్రే ఇంకో గ్రూపు కట్టాను. ఓఎస్ దగ్గర లైనక్స్, విండోస్ రెండూ కానివి, అసలేమీ రాయనివి అందులో పడతాయి. పేరు ‘దిక్కులేనివి’. కాన్ఫిగ్ రీలోడ్ చేయగానే ఇంకో ఆరు సర్వర్లు తేలాయి, ఒకటి బ్యాకప్‌ది! దాన్ని చూసి చేతులు చల్లబడ్డాయి. ఇప్పుడు పొద్దున్నే మొదట చూసేది ఆ గ్రూపునే. అది ఖాళీగా ఉంటేనే మిగతా పచ్చరంగును నమ్ముతాను.

ఒక్క విషయం. ఈ షరతులను లెక్కగట్టేది కాన్ఫిగ్ లోడ్ అయినప్పుడే. నడుస్తుండగా ఏపీఐతో (వేరే ప్రోగ్రాం నుంచి ఆదేశాలిచ్చే దారి) ఓఎస్ లాంటి వేరియబుల్ మారిస్తే హోస్ట్ పాత గ్రూపులోనే ఉండిపోతుంది. మేము ఫైళ్లలో మార్చి రీలోడ్ చేస్తాం, నెలకు మూడు నాలుగు కొత్త సర్వర్లకు మించి రావు, సర్వర్లు చూసుకునే మా ఇద్దరికీ ఇది బాగా సరిపోతోంది. రోజూ సర్వర్లు వచ్చి పోయే చోటైతే ఇంత ధీమాగా చెప్పను. ఓఎస్ పేరు మాత్రం ఇప్పుడు ఎవరం చేత్తో టైపు చేయం, ముందే రాసిపెట్టిన టెంప్లేట్ నుంచే వస్తుంది.